పాత ల్యాప్‌టాప్‌కు లినక్స్ మింటా, క్రోమ్ ఓఎస్ ఫ్లెక్సా: ఏది మేలు?

రాజోలు దగ్గర లంక గ్రామంలో ఉండే మా బావమరిది 2012లో కొన్న ల్యాప్‌టాప్‌లోనే రొయ్యల చెరువుల లెక్కలు రాసుకుంటాడు. మూడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉన్న ఆ యంత్రం చెడిపోలేదు. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు, అంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌తో పాటు, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్ కావాలి. మరమ్మతు దుకాణంలో పాత సామానుకు వేసేయమన్నారు గానీ, పనిచేస్తున్న వస్తువును అలా పారేయడానికి నాకు మనసొప్పలేదు. అందుకే విండోస్‌కు బదులుగా వేసుకోగల రెండు ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లు, లినక్స్ మింట్, క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్‌లను పోల్చి చూశాను.

ఏ వ్యవస్థ ఎంచుకున్నా ముందుగా పాత హార్డ్ డిస్క్ తీసి, దానికన్నా చాలా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ అనే నిల్వ పరికరం వేయించాలి. పాత డిస్క్‌తో బ్రౌజర్ తెరుచుకునేలోగా టీ కాచుకుని రావచ్చు. ఆ ఒక్క మార్పుతో వచ్చే వేగం ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినా రాదు.

గూగుల్ 2022లో విడుదల చేసిన క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ ఉచితం, తేలిక. దానికి 4 జీబీ ర్యామ్, 16 జీబీ నిల్వ చాలు. అప్‌డేట్లు వాటంతట అవే వస్తాయి, తికమక పెట్టే అమరికలు తక్కువ. పాటలు, వార్తలు, మనవలతో వీడియో మాటలు తప్ప వేరే పని లేని పెద్దవాళ్లకు నేను దీన్నే సూచిస్తాను. కానీ ఇది ప్రధానంగా బ్రౌజర్ మీద నడిచే వ్యవస్థ. ఇందులో ప్లే స్టోర్ యాప్‌లు నడవవు. డిస్క్‌లోకి ఎక్కిస్తే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, విండోస్‌ను పక్కన ఉంచుకునే వీలుండదు.

మా బావమరిది విషయంలో అసలు చిక్కు ఇంటర్నెట్. గాలివాన వస్తే లంకల్లో ముందు కరెంటు, ఆ వెంటే సిగ్నల్ పోతాయి. చెరువు గట్టు మీద చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) ఎత్తి చూసి, ఆ రోజు ఎన్ని కిలోల మేత వేశారో, కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ఎంతకు వచ్చిందో ఆ పూటే ఎక్కించకపోతే మర్నాటి లెక్క తప్పుతుంది. ఫ్లెక్స్‌లో కొన్ని పనులు ముందుగా అమర్చుకుంటే నెట్ లేకుండానూ జరుగుతాయి గానీ, లినక్స్ మింట్‌తో పాటే వచ్చే లిబ్రే ఆఫీస్ (లెక్కల పట్టికలు, ఉత్తరాలు రాసుకునే ప్రోగ్రాములు)కు ఆ బాధే లేదు. ఫైలు మన డిస్క్‌లోనే ఉంటుంది. మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం 4 జీబీ ర్యామ్‌తో హాయిగా నడుస్తుంది. స్టార్ట్ మెనూ, కింద పట్టీ విండోస్‌ను పోలి ఉండడం వల్ల కొత్తగా నేర్చుకోవలసింది కొంచెమే. పైగా 2024 జులైలో వచ్చిన మింట్ 22కు 2029 దాకా మద్దతు ఉంది.

తెలుగు విషయంలోనూ నా మొగ్గు మింట్ వైపే. టైపింగ్‌కు వాడే ఐబస్ అనే ప్రోగ్రాము, దానికి తోడుగా ఎం17ఎన్ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ అనే తెలుగు కీబోర్డు అమరికలు వరుసగా కనబడతాయి. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ అలవాటున్నవారు ఏ కొత్త మీటా నేర్చుకోకుండానే యూనికోడ్‌లో రాసుకోవచ్చు.

అయితే పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చేవారికీ, ట్యాలీలో ఖాతాలు రాసే రైస్ మిల్లు గుమాస్తాలకూ ఈ రెండూ పనికిరావు. వాళ్లు వాడే ఆ ప్రోగ్రాములు విండోస్ మీద నడిచేవి. అలాంటివారు డిస్క్‌లో విండోస్‌కు కొంత చోటు వదిలి పక్కనే మింట్ వేసుకుని, విండోస్‌ను నెట్‌కు దూరంగా ఆ పనులకే వాడుకోవడం మంచిది.

తేల్చుకోలేనివారు మింట్, ఫ్లెక్స్ రెండింటినీ వేర్వేరు పెన్‌డ్రైవ్‌లలో ఎక్కించి, డిస్క్‌ను ముట్టుకోకుండా నడిపి చూడవచ్చు. పెన్‌డ్రైవ్‌లో కొంత నెమ్మదిగా ఉంటుంది కాబట్టి వేగం చూసి తీర్పు చెప్పకూడదు. వైఫై పట్టుకుంటోందా, స్పీకర్ పలుకుతోందా, ఇంట్లో ఉన్న ప్రింటర్ కాగితం తీస్తోందా అన్నవే చూడాలి. మా బావమరిది ప్రింటర్‌కు మింట్‌లో డ్రైవర్ దొరికింది, మొన్న ఆదివారమే ఆ ల్యాప్‌టాప్‌లో మింట్ వేశాం.