నాలుగేళ్లుగా మా తొట్టిలో లాన్‌మోవర్ బ్లెన్నీ

మాది 300 లీటర్ల ఉప్పునీటి చేపల తొట్టి. పగడాలు పెట్టిన ఆరో నెలకే రాళ్లన్నీ పాచి పట్టాయి. పొద్దున తుడిచిన అద్దం మర్నాటికి మసకబారేది. అప్పుడు తెచ్చాను పాచి తినే ఈ లాన్‌మోవర్ బ్లెన్నీ చేపను. శాస్త్రీయ నామం సలారియాస్ ఫేషియేటస్.

పాచి తినడంలో దీనికి వంక పెట్టలేను. దువ్వెన లాంటి సన్నని పళ్లతో రోజంతా గీకుతూనే ఉంటుంది. అద్దాన్ని పక్కనుంచి చూస్తే పచ్చటి పొర మీద పెదవుల అచ్చులు వరుసగా కనిపిస్తాయి. వారంలో అద్దం, రెండు నెలల్లో రాళ్లు తేటపడ్డాయి. అయితే జుట్టులా పొడవుగా పెరిగే నాచును మా చేప ముట్టనే లేదు. అది పోయింది కుళాయి నీళ్లు మాని ఆర్‌ఓ నీళ్లు వాడడం, నాచు తినే టర్బో నత్తలను తేవడం వల్ల.

అసలు చెప్పాల్సింది దీని ఆకలి గురించి. ‘మేత వేయనక్కర్లేదు, పాచి తిని బతుకుతుంది’ అన్నారు దుకాణంలో. నమ్మాను. ఎనిమిదో నెలలో రాళ్లు అద్దంలా మెరుస్తుంటే మురిసిపోయాను కానీ, చేప పొట్ట వీపుకు అంటుకుపోతున్నదని ఆలస్యంగా గమనించాను. నోరి, అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు, క్లిప్పుకు తగిలిస్తే తొమ్మిది రోజులు దాని వంకైనా చూడలేదు. పదో రోజున ఆ రేకునే అది ఎప్పుడూ కూర్చునే రాయికి రబ్బరు బ్యాండుతో చుట్టాను. గంటలో కొరికింది! ఆ రోజు నాకు కలిగిన ఊరట మాటల్లో చెప్పలేను. అప్పటి నుంచి రోజూ నోరి, వారానికి రెండుసార్లు స్పిరులినా (నీలి-ఆకుపచ్చ నాచు) మేత. ఇప్పుడు 11 సెంటీమీటర్లు ఉంది, పొట్ట గుండ్రంగా ఉంది.

ఇబ్బందులు లేకపోలేదు. తనలాంటి ఆకారమున్న ఇంకో బ్లెన్నీని కుదురుగా బతకనివ్వలేదు, దాన్ని వేరే తొట్టికి మార్చాల్సి వచ్చింది. ఆకలి వేస్తే పగడాలను, పెద్ద ఆల్చిప్పల అంచులను కొరుకుతుంది. బెదిరితే బయటికి దూకుతుంది, కాబట్టి పైన వల మూత తప్పనిసరి.

100 లీటర్ల లోపు తొట్టికి, కొత్తగా పెట్టిన తొట్టికి ఈ చేప వద్దే వద్దు. కొనేటప్పుడు దుకాణంలోనే మేత వేయించి చూడండి. పొట్ట లోపలికి పోయి ఉంటే ఎంత తక్కువకు ఇచ్చినా తెచ్చుకోకండి.