ఐదు ఆదివారాల వాచ్ రిపేరు కోర్సు: కట్టిన 18,000కి ఏం వచ్చింది?

నాన్న హెచ్ఎంటీ జనతా ఆగిపోయి పదకొండేళ్ళు. రెండు షాపుల్లో చూపిస్తే రెండు చోట్లా "పార్టులు రావడం లేదమ్మా" అన్నారు. 2016లో హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది కాబట్టి నమ్మేశాను. అయినా ఉక్రోషం పోలేదు. ఆ ఉక్రోషంతోనే హైదరాబాద్‌లో ఈ కోర్సులో చేరాను. ఐదు ఆదివారాలు, 40 గంటలు, పనిముట్లు వాళ్ళవే.

నేర్పే సార్‌కి అరవై దాటాయి. మొదటి ఆదివారమంతా వాచీ ముట్టుకోనివ్వలేదు. స్క్రూడ్రైవర్ కొస రాయి మీద సానపట్టడం, ట్వీజర్‌తో ఆవగింజంత స్క్రూ ఎత్తి గుంటలో పెట్టడం, అంతే. ఇందుకా డబ్బు కట్టింది అని భోజనాల దగ్గర అందరం గొణుక్కున్నాం. రెండో వారం నా స్క్రూడ్రైవర్ జారి బ్రిడ్జ్ (చక్రాలని పట్టి ఉంచే పలక) మీద గీత పడ్డాక గొణుగుడు ఆపేశాను.

ప్రాక్టీసుకి ఇచ్చింది స్విస్ కంపెనీ ఈటీఏ వాళ్ళ 6497 అనే మూవ్‌మెంట్‌కి, అంటే వాచీ లోపలి యంత్రానికి, చైనా కాపీ. పాకెట్ వాచీల కోసం పుట్టిన డిజైను, అడ్డంగా 36.6 మిల్లీమీటర్లు, కొత్త చేతులకి అనువుగా ఉంటుంది. విప్పే ముందు మెయిన్ స్ప్రింగ్ బిగువు వదిలించాలి. కీ పట్టుకుని, క్లిక్ అనే చిన్న కొక్కేన్ని పక్కకి నెట్టి, కీని వేళ్ళ మధ్య మెల్లగా వెనక్కి తిరగనివ్వాలి. నేను వదిలేశాను. గుర్రుమని తిరిగింది. "బిగువు ఉండగానే ప్యాలెట్ తీసుంటే చక్రాల పళ్ళు పోయేవి. ఊపిరి బిగబడుతున్నారు, ముందు అది వదలండమ్మా" అన్నారు సార్. ప్యాలెట్ అంటే టిక్కు టిక్కుకీ చక్రాలని ఆపి వదిలే చిన్న లివర్.

తిరిగి బిగించేటప్పుడు చివరగా వచ్చేది బ్యాలెన్స్, అటూ ఇటూ ఊగుతూ టైముని నడిపించే చక్రం. నాలుగుసార్లు పెట్టినా కదల్లేదు. ఐదోసారి దాన్ని పట్టి ఉంచే కాక్ అనే ముక్కని కొంచెం అటూ ఇటూ జరుపుతుంటే చక్రం దానంతట అదే ఊపందుకుంది. క్లాసులో ఎనిమిది మందిమి. ఎవరి వాచీ కొట్టుకోవడం మొదలుపెడితే వాళ్ళు చిన్నపిల్లల్లా కేకలు.

ఇక గొడవ. ప్రకటనలో "ప్రొఫెషనల్ వాచ్‌మేకర్ అవ్వండి" అని ఉంది. స్విట్జర్లాండ్‌లో వాచ్‌మేకర్లకి శిక్షణ ఇచ్చే వోస్టెప్ సంస్థ వాళ్ళ పూర్తి కోర్సు 3000 గంటలు. 40 గంటలకి ఆ మాట వాడటం అన్యాయం. విప్పడం, కడగడం, నూనె వేయడం, బిగించడం చక్కగా నేర్పారు. జబ్బు కనిపెట్టడం మాత్రం నేర్పలేదు. అందరికీ కలిపి టైమ్‌గ్రాఫర్ ఒకటే. అది టిక్కులు విని రోజుకి ఎన్ని సెకన్ల తేడా వస్తుందో చూపించే మెషీను. తెర మీద రెండు గీతలు దూరంగా ఎందుకు పడుతున్నాయని అడిగితే "అది అడ్వాన్స్‌డ్ కోర్సులో" అన్నారు. దానికి మరో 25 వేలు. మూడో వారానికే క్లీనింగ్ ద్రావణం అయిపోయి పెట్రోలుతో కానిచ్చాం. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలు గంటలో ముగించారు. నా పక్కన కూర్చున్న వరంగల్ అబ్బాయికి మొబైల్ షాపు ఉంది. వాచీలు కూడా మొదలుపెడదామని వచ్చాడు. షాపుకి వచ్చేవి ఎక్కువ క్వార్ట్జే కదా అని పాపం చివరిదాకా అడుగుతూనే ఉన్నాడు. సరదాకి, చేతి పనికి అయితే చేరండి. బతుకుతెరువు కోసమైతే ఇది చాలదు.

చివరి ఆదివారం జనతా విప్పాం. ఇరుసులు అరగకుండా 17 రాళ్ళు పెట్టిన మూవ్‌మెంట్, సెకనుకి ఐదు టిక్కులు కొట్టాల్సింది. లోపల నూనె ఎండి బంకలా పట్టేసింది. సార్ ఒక్క చూపులో చెప్పారు, నాకైతే తట్టేది కాదు. కడిగి నూనె వేశాం. ఒక్క పార్టూ మార్చలేదు. ఆ ఇద్దరు షాపువాళ్ళు వెనక మూత తీశారో లేదో మరి.

ఇప్పుడు రోజుకి నలభై సెకన్లు వెనకబడుతోంది. నాన్న పొద్దున్నే కీ ఇచ్చి, టీవీలో టైము చూసి సరిచేసుకుంటున్నారు. అడ్వాన్స్‌డ్ కోర్సుకి ఎప్పుడెళ్తావని అడుగుతున్నారు. ఫీజు సంగతి ఇంకా చెప్పలేదు.