ఉబుంటు రిలీజ్ అప్‌గ్రేడ్: 34 సర్వర్ల మీద మూడు విడతలు వాడాక

మా ఆఫీసులో ఉబుంటు (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే సర్వర్లు 34. చూసుకునేది ఇద్దరమే, నేనూ నా జూనియరూ. 2021లో వెర్షన్ 18.04 నుంచి 20.04కి, 2023లో 22.04కి, 2025లో 24.04కి మారాం. మూడుసార్లూ ఎక్కువగా వాడింది ఉబుంటుతో వచ్చే ‘డు-రిలీజ్-అప్‌గ్రేడ్’ కమాండే. దాని గురించి ఇంతకాలానికి రాయాలనిపించింది.

ఒక్క మెషీన్ వరకు చూస్తే నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. స్క్రీన్ సెషన్‌లో నడుస్తుంది కాబట్టి మధ్యలో నెట్ పోయినా పని ఆగదు. మళ్లీ లాగిన్ అయి అదే కమాండ్ కొడితే ఆగిన చోటికే తీసుకెళ్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) మీద నడిపిస్తే ముందు జాగ్రత్తగా 1022 పోర్టులో ఇంకో ద్వారం తెరిచి పెడుతుంది. (ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు మనమే తెరవాలి, ఆ పని అది చేయదు.) 24.04 విడుదలైంది 2024 ఏప్రిల్‌లో, కానీ 22.04 ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి సపోర్ట్ ఉండే వెర్షన్) మెషీన్లకు ఆగస్టు చివర్లో 24.04.1, అంటే తప్పులు సరిదిద్దిన తొలి విడుదల, వచ్చేదాకా ఎక్కమని చెప్పలేదు. ఆ ఆలస్యం నాకు నచ్చుతుంది. మధ్యలో మెట్టు దాటేయడం మాత్రం కుదరదు. 20.04 నుంచి 24.04కి వెళ్లాలంటే 22.04లో కాసేపు ఆగాల్సిందే. మా దగ్గర ఒక్కో మెట్టుకు, రీబూట్‌తో కలిపి, ముప్పావు గంట పట్టింది.

చిక్కంతా 34 అన్న అంకెలో ఉంది. ఈ కమాండ్‌కు తాను నడుస్తున్న మెషీన్ తప్ప ఇంకేమీ తెలియదు. పక్క సర్వర్ దీన్నుంచి ఏం తీసుకుంటోందో, ఎవరు ఏ తాళంతో (ఎస్‌ఎస్‌హెచ్ కీ) ఇందులోకి వస్తున్నారో దానికి పట్టదు. ఆ లెక్క మనం రాసుకోవాలి. మొదటిసారి మేం రాసుకున్న ఎక్సెల్ షీట్‌లో పేరు, ఐపీ, ర్యామ్, డిస్క్ ఉన్నాయి. ఒక్కటీ పనికి రాలేదు.

ఎందుకు పనికి రాలేదో తెలియాలంటే డోర్ నంబర్ల సంగతి చెప్పాలి. మా కస్టమర్ల వివరాలన్నీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఉంటాయి. 2021లో ఆ సర్వర్‌ను ఆదివారం రాత్రి 20.04కి మార్చాం. డేటాబేస్ వెర్షన్ అలాగే ఉంచాం, డేటా ఫైళ్లు కదల్లేదు. సోమవారం అంతా సవ్యంగానే నడిచింది. మంగళవారం కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి ఫోన్ చేసింది. “సార్, ఈ ఇంటి నంబర్ కొడితే రికార్డు లేదంటోంది. పేరుతో వెతికితే వస్తోంది, అందులో అదే ఇంటి నంబర్ ఉంది.” మొదట నమ్మలేదు. నేనే కూర్చుని చూశాను. నిజంగానే, ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ముందే పేర్చి పెట్టిన పట్టిక) మీదుగా వెళ్తే సున్నా వరుసలు, ఇండెక్స్ వాడొద్దని చెబితే ఒక వరుస.

కారణం తెలుసుకోవడానికి సాయంత్రమైంది. అక్షరాలను ఏ వరుసలో పేర్చాలో పోస్ట్‌గ్రెస్ సొంతంగా నిర్ణయించుకోదు, ఉబుంటులో ఉండే జీలిబ్‌సీ అనే లైబ్రరీని అడుగుతుంది. జీలిబ్‌సీ 2.28లో ఆ వరుస మారింది. 18.04లో ఉన్నది 2.27, 20.04లో ఉన్నది 2.31. పాతదానిలో ‘11’ ముందు, ‘1-1’ తర్వాత. కొత్తదానిలో ‘1-1’ ముందు. అంటే హైఫన్ ఉన్న ప్రతి మాటకూ దెబ్బే. మన ఊళ్లలో హైఫన్ లేని డోర్ నంబర్ ఎక్కడుంది? ఇండెక్స్ పాత వరుసలో పేర్చి ఉంది, వెతికేవాడు కొత్త వరుసలో వెతుకుతున్నాడు. ఆ రాత్రి రీఇండెక్స్ చేశాం. ఒకే నంబర్ రెండుసార్లు ఉండకూడదన్న యూనిక్ ఇండెక్స్ కూడా రెండు రోజులు మోసపోయింది. డూప్లికేట్లు ఏరడానికి ఇంకో వారం పట్టింది. దీని గురించి పోస్ట్‌గ్రెస్ వాళ్లు ముందే స్పష్టంగా రాసి పెట్టారు, చదవకపోవడం మా తప్పు. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి డేటాబేస్ మొత్తానికీ ఈ వరుస వెర్షన్ గుర్తుపెట్టుకుని, తేడా వస్తే హెచ్చరిస్తుంది.

అదే విడతలో చిన్నదొకటి. అప్‌గ్రేడ్ మధ్యలో, మనం మార్చిన కాన్ఫిగ్ (సెట్టింగ్‌ల) ఫైల్ ఎదురైతే కొత్తది పెట్టమంటారా, ఉన్నది ఉంచమంటారా, తేడా చూపించమంటారా అని అడుగుతుంది. రాత్రి ఒంటిగంటకు అడుగుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ ఫైల్ దగ్గర మా వాడు కొత్తదానికి ఓకే కొట్టాడు. పోర్టు మళ్లీ 22కి వచ్చింది, ఫైర్‌వాల్ తెరిచి ఉంచింది మా పాత పోర్టును. రీబూట్ తర్వాత “అన్నా, సర్వర్ లోపలికి రానివ్వట్లేదు” అని ఫోన్. హైపర్‌వైజర్ కన్సోల్ (ఎస్‌ఎస్‌హెచ్ లేకుండా సర్వర్ తెర చూపించే దారి) ఉంది కాబట్టి బతికిపోయాం. 20.04 నుంచి ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగ్‌లను విడి ఫోల్డర్‌లో చిన్న ఫైల్‌గా పెట్టుకోవచ్చు. మావన్నీ అక్కడికి మార్చేశాం, ఆ తర్వాత రెండు విడతల్లో ఆ ప్రశ్నే రాలేదు.

2023 విడతలో దెబ్బ ఇంకో రకం. 22.04లో వచ్చే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.9, ఆర్‌ఎస్‌ఏ తాళంతో చేసే పాత షా-1 సంతకాన్ని డిఫాల్ట్‌గా ఒప్పుకోదు. మా బ్యాకప్ పెట్టె పాతకాలంది, దానికి తెలిసింది ఆ సంతకం ఒక్కటే. అప్‌గ్రేడ్ అయిన ఆరు సర్వర్లూ మూడు రాత్రులు దాన్ని గుమ్మం దగ్గరే ఆపేశాయి. బ్యాకప్ ఫెయిలైతే రావాల్సిన మెయిల్, ఎప్పుడో మానేసిన ఉద్యోగి అడ్రసుకు వెళ్తోంది. సర్వర్లలో తప్పేమీ లేదు, బయటి నుంచి వచ్చేవాళ్ల పట్టిక మా దగ్గర లేదు. తాత్కాలికంగా ఆ పాత సంతకాన్ని అనుమతించి, రెండు నెలల్లో పెట్టె మార్చాం.

ఇప్పుడు మా షీట్‌లో ర్యామ్ కాలమ్ లేదు. ఇది ఆగితే మొదట ఫోన్ చేసేది ఎవరు, లోపలికి ఎవరెవరు వస్తారు, బయటి రిపాజిటరీలు (ఉబుంటువి కాని ప్యాకేజీలు వచ్చే చోట్లు) ఏవి, పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లు (ఒక్కో ప్రోగ్రామ్‌కు విడిగా పెట్టిన పైథాన్ లైబ్రరీలు) ఎన్ని, వెనక్కి వెళ్లే దారి ఏది, ఇవే ఉన్నాయి. బయటి రిపాజిటరీల కాలమ్ తప్పనిసరి, ఎందుకంటే అప్‌గ్రేడ్ సమయంలో వాటిని కామెంట్ చేసి పక్కన పెట్టేస్తుంది, తిరిగి తెరవాల్సింది మనమే. మేం ఒకటి మర్చిపోతే నాలుగు నెలలు దానికి సెక్యూరిటీ అప్‌డేట్లే రాలేదు. ఎర్రర్ కూడా రాదు, అదే బాధ. పైథాన్ సంగతి తెలిసిందే. 20.04లో 3.8, 22.04లో 3.10, 24.04లో 3.12. పాత ఎన్విరాన్‌మెంట్ ఏదీ అలాగే పని చేయదు, మళ్లీ కట్టాలి.

ఈ వివరాలన్నీ ఆన్సిబుల్‌తో (చాలా సర్వర్ల మీద ఒకేసారి పని నడిపే సాధనం) లాగుతాం, హోల్డ్‌లో ఉన్న (అప్‌డేట్ కాకుండా ఆపి ఉంచిన) ప్యాకేజీలు, బూట్ పార్టిషన్‌లో ఖాళీ కూడా. అప్‌గ్రేడ్ మాత్రం చేత్తోనే. ప్రశ్నలు అడగకుండా నడిచే పద్ధతి ఉంది, టెస్ట్ మెషీన్ల మీద వాడాం. అసలు సర్వర్ల మీద నాకు ధైర్యం చాల్లేదు.

వరుస ఇలా ఉంటుంది. మొదట టెస్ట్ మెషీన్లు, తర్వాత మా ఇద్దరికి తప్ప ఎవరికీ అక్కర్లేని మానిటరింగ్ లాంటివి, ఆ తర్వాత జంటగా ఉన్న వాటిలో ఒక్కొక్కటి. జంటలో రెండోదాన్ని కనీసం వారం దాకా ముట్టుకోం, ఆ వారంలో ఒక నెలాఖరు పడేలా చూస్తాం. నెలాఖరు రిపోర్టుల్లో బయటపడే తప్పులు మామూలు రోజుల్లో బయటపడవు. డేటాబేస్‌లు చివర్న. అక్కడ స్నాప్‌షాట్ (అప్‌గ్రేడ్‌కు ముందు తీసి పెట్టుకున్న మెషీన్ నకలు) ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు. పొద్దున పది గంటలకు స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్తే ఆ పొద్దున ఎక్కిన రసీదులన్నీ పోతాయి. అందుకే కౌంటర్ తెరిచే ముందు, ఎనిమిదిన్నరకు, ఉంచాలా వెనక్కి వెళ్లాలా అన్నది తేల్చేస్తాం. ఆ తర్వాత వెనక్కి లేదు, ముందుకే బాగు చేసుకోవాలి.

ఫార్మాట్ చేసి కొత్తగా కట్టుకోవడమే మేలని వాదించేవాళ్లు ఉన్నారు. వెబ్ సర్వర్ల విషయంలో వాళ్లతో ఏకీభవిస్తాను. 2025లో మావి పదకొండు అలాగే కొత్తగా కట్టి, లోడ్ బ్యాలెన్సర్‌లో (వచ్చే రద్దీని సర్వర్లకు పంచేది) మార్చేశాం. టెన్షన్ లేదు, రాత్రి మేలుకోలేదు. పదేళ్లుగా ఎవరు ఏం ఇన్‌స్టాల్ చేశారో తెలియని ఫైల్ సర్వర్‌ను మాత్రం అలా కట్టే ధైర్యం ఎవరికుంటుంది? అలాంటి వాటికి ఈ కమాండే దిక్కు.

రెండు మెషీన్లు ఇంకా 20.04లోనే ఉన్నాయి. వాటి మీద నడిచే హాజరు సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ లేదు. 20.04కు మామూలు సపోర్ట్ 2025 మేలో అయిపోయింది కాబట్టి వాటికి ఉబుంటు ప్రో (గడువు తీరిన వెర్షన్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే సేవ) చందా కట్టి, వేరే నెట్‌వర్క్‌లో పెట్టాం. మిగతావాటికి 26.04.1 వచ్చాకే ముహూర్తం. మొదటి జట్టుగా టెస్ట్ మెషీన్లను దసరా సెలవులకు రాసుకున్నాం, మా వాడు ఈసారి ఊరెళ్తానని ఇప్పుడే చెప్పేశాడు.