నాష్‌విల్‌లో క్రిస్టియన్ రాక్ కాన్సర్ట్: ఒకప్పటి అభిమానిగా వెళ్ళొచ్చిన సంగతి

టికెట్ కొన్న సంగతి మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెబితే "దేవుడు మళ్ళీ పిలుస్తున్నాడు నాన్నా" అని ఫోన్‌లోనే ప్రార్థన మొదలుపెడుతుంది, ఆఫీసులో చెబితే నవ్వుతారు. చర్చికి వెళ్ళడం మానేసి తొమ్మిదేళ్ళయింది నాకు. అయినా ఒకప్పుడు నేను అభిమానించిన ఈ క్రిస్టియన్ రాక్ బ్యాండ్ అమెరికాలోని నాష్‌విల్ వస్తోందని తెలియగానే చెయ్యి ఆగలేదు. బ్యాండ్ పేరు మాత్రం వద్దులెండి, ఇక్కడ గొడవ వాళ్ళతో కాదు.

ఇంటర్‌లో ఉండగా హాస్టల్లో సీనియర్ ఒకడు రాసిచ్చిన ఎంపీత్రీ సీడీలో వాళ్ళ పాటలు పద్నాలుగు ఉండేవి. మా సంఘంలో హార్మోనియం, తబలా, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం, అంతే. అలాంటి చెవులకి గరగరలాడే గిటార్ల మధ్యలోంచి యేసు పేరు వినపడేసరికి ఇదేదో తప్పు పనేమో అనిపించి దుప్పట్లో దూరి వినేవాణ్ణి. అమెరికాలో ఇది ఎప్పట్నుంచో ఉన్న గొడవే అని, లారీ నార్మన్ అనే గాయకుడు 1969లోనే ఇలాంటి ఆల్బమ్ చేశాడని, స్ట్రైపర్ అనే బ్యాండ్ వాళ్ళు పసుపు నలుపు చారల బట్టల్లో స్టేజి మీంచి జనంలోకి బైబిళ్ళు విసిరేవాళ్ళని చాలా తర్వాత తెలిసింది.

ముందు బస సంగతి. శుక్ర, శనివారాల్లో నాష్‌విల్ డౌన్‌టౌన్‌లో గది తీసుకోవాలనుకోకండి. పెళ్ళికి ముందు స్నేహితురాళ్ళంతా కలిసి పార్టీ చేసుకోవడానికి దేశం నలుమూలల నుంచీ ఇక్కడికే వస్తారు, రేట్లు ఆకాశంలో ఉంటాయి. నేను ఎయిర్‌పోర్ట్ దగ్గర ఓ మామూలు హోటల్ తీసుకున్నాను. గది శుభ్రంగానే ఉంది, కానీ బుక్ చేసేటప్పుడు చూపించిన షటిల్, అంటే హోటల్ వాళ్ళ బండి, రాత్రిపూట ఎయిర్‌పోర్ట్‌కి తప్ప ఊళ్ళోకి రాదని చెక్ఇన్ చేశాక చెప్పారు. వెళ్ళేటప్పుడు సిటీ బస్సు, 18వ నంబర్, రెండు డాలర్లు, హాయిగా దింపింది. వచ్చేటప్పుడు క్యాబ్‌కి దానికి పదిహేను రెట్లు పైనే పెట్టాను, ఎందుకంటే ఆ రాత్రి ఆ వీధిలో ఉన్న జనమంతా ఒకేసారి ఫోన్లు తీశారు.

ఇక హాలు. నేను ఇంత దూరం రావడానికి సగం కారణం రైమన్ ఆడిటోరియమే. థామస్ రైమన్ అని స్టీమర్లు నడిపే ఆసామి 1885లో ఒక సువార్తికుడి ప్రసంగం విని మారుమనస్సు పొంది, అలాంటి సభలకి ఊళ్ళో పెద్ద మందిరం ఉండాలని పట్టుబట్టి కట్టించాడు. 1892లో తయారైంది. తర్వాత 1943 నుంచి 1974 దాకా గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే కంట్రీ పాటల రేడియో కార్యక్రమం ఇక్కణ్ణుంచే నడిచింది, అది వెళ్ళిపోయాక చాలా ఏళ్ళు పాడుబడి, బాగుచేసి 1994లో మళ్ళీ తెరిచారు. అంత చరిత్రలోనూ కుర్చీలు మాత్రం రాలేదు. ఇప్పటికీ చర్చి బల్లలే, 2,362 మంది పడతారు, వెనక రంగు అద్దాల కిటికీలు. పగలు టికెట్ కొని లోపల తిరిగి చూడొచ్చు, వీలుంటే చూడండి, ఎందుకంటే రాత్రి లైట్లలో ఆ చెక్క పనితనం కనిపించదు.

సీటు విషయంలో ఒక మాట. కింద వెనక వరసల్లో బాల్కనీని మోసే స్తంభాలున్నాయి, ఒకటి అడ్డం పడిందంటే డ్రమ్మర్‌ని రెండు గంటలు మర్చిపోవాల్సిందే. బాల్కనీ ముందు వరస తీసుకోండి. బల్ల గట్టిది, నడుం పట్టేస్తుంది, కానీ రాక్ కాన్సర్ట్‌లో కూర్చునేది ఎంతసేపులెండి. శబ్దం మాత్రం వేరే లోకం. అభిమానిగా ఉన్న రోజుల్లో నేను చూసింది వింటర్ జామ్ అని క్రిస్టియన్ బ్యాండ్లు కలిసి ఊరూరా తిరిగే టూర్, అది 1995లో మొదలైంది. అప్పట్లో తలుపు దగ్గర పది డాలర్లు ఇచ్చి లోపలికి వెళ్ళిపోవడమే, ఒకే రాత్రి వరసగా బ్యాండ్లు. చవక, హుషారు, కానీ బాస్కెట్‌బాల్ స్టేడియంలో మాటలు ప్రతిధ్వనిలో కలిసిపోయి పాట తెలిసినవాడికే అర్థమయ్యేది. ఇక్కడ గాయకుడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది. అయినా చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు తీసుకెళ్ళండి. నా పక్కన ఆరేడేళ్ళ పిల్లకి వాళ్ళ నాన్న గులాబీ రంగు హెడ్‌ఫోన్లు తగిలించాడు, ఆయన మాత్రం వట్టి చెవులతో నిలబడి మొదటి పాటకే చేతులెత్తి కళ్ళు మూసుకున్నాడు.

నా చేతులు జేబుల్లోనే ఉన్నాయి. నోరు మాత్రం నా మాట వినలేదు. పదమూడేళ్ళుగా పాడుకోని లైన్లు వరస తప్పకుండా వచ్చేస్తున్నాయి, శ్వాస ఎక్కడ తీసుకోవాలో కూడా.

మధ్యలో విరామం. వాలంటీర్లు బల్లల వెంబడి కవర్లు పంచుతూ వచ్చారు, ఈ కాన్సర్టుల్లో ఇది మామూలే: ఒక పిల్లవాడి ఫోటో, పేరు, వయసు, నెలనెలా ఇంత కడితే చదువు, తిండి. వాడుకలో స్పాన్సర్‌షిప్ అంటాం. నా చేతికొచ్చిన ఫోటోలో తొమ్మిదేళ్ళ కుర్రాడు, పై గుండీ దాకా పెట్టుకున్న చొక్కా, నూనె రాసి పక్కకి దువ్విన జుట్టు, కెమెరా అంటే భయపడి బిగబట్టిన మొహం.

ఆ మొహం నాకు తెలుసు. హాస్టల్లో నా పక్క మంచం వాడిది. వాడికి అమెరికాలో స్పాన్సర్ ఉండేవాడు, క్రిస్మస్‌కి ముందు వాడు తప్పకుండా ఉత్తరం రాయాలి, వాడికి ఇంగ్లీషు రాదు, నా చేతిరాత బాగుంటుందని వార్డెన్ గారు నన్ను కూర్చోబెట్టేవారు. "నేను బాగా చదువుతున్నాను, మీ కోసం ప్రార్థిస్తున్నాను" అని మూడేళ్ళు వాడి తరఫున నేనే రాశాను. మూడో ఏడు వాడు ఆ సంవత్సరం సగం పాఠాలు ఎగ్గొట్టాడు, నేను మాత్రం బాగా చదువుతున్నాననే రాశాను. ఆ ఉత్తరాలు చదివినవాళ్ళు ఎలా ఉంటారో అప్పుడు ఊహించలేకపోయాను. ఇలా ఉంటారన్నమాట, బల్ల మీద కూర్చుని, ఒక చేతిలో కూల్‌డ్రింకు గ్లాసు, ఒళ్ళో కవరు.

పక్కాయన ఫారం నింపడం మొదలుపెట్టాడు. కూతురు ఫోటో మీద వేలు పెట్టి పేరు పలకడానికి ప్రయత్నిస్తోంది. నేను నా కవరు వెనక్కి ఇవ్వలేదు, నింపనూ లేదు.

తర్వాత ఇరవై నిమిషాలు సాక్ష్యం. గాయకుడు గిటార్ పక్కన పెట్టి తాగుడు నుంచి ఎలా బయటపడ్డాడో చెప్పి, ఈ రాత్రి తీర్మానం చేసుకునేవాళ్ళు చెయ్యి ఎత్తమన్నాడు, వెనక కీబోర్డు మెల్లగా మోగుతూనే ఉంది. ఆ కీబోర్డే నాకు చిరాకు. మనిషి చెప్పేది నిజమే కావచ్చు, కన్నీళ్ళు కూడా నిజమే, మరి ఆ సంగీతం దేనికి? మా పాస్టరు గారు కూడా సరిగ్గా ఇదే చోట హార్మోనియం వాయించేవాడికి కళ్ళతో సైగ చేసేవారు. నమ్మకం పోయినవాళ్ళు ఎవరైనా వెళ్తుంటే ఈ భాగం ఉంటుందని తెలిసి వెళ్ళండి, ఎవరూ మీ దగ్గరికొచ్చి బలవంతం చెయ్యరు. కావాలంటే లేచి వసారాలోకి వెళ్ళి కాసేపు కాలక్షేపం చేసి రావచ్చు, నేను అలాగే చేద్దామనుకుని లేవలేకపోయాను.

ఆఖరి పాట ఆ సీడీలో మొదటిది. రెండో చరణంలో ఉన్న ఒక్క లైను మాత్రం నేను పాడలేకపోయాను, అది దేవుడికి మాట ఇచ్చే లైను. అక్కడ నోరు మూసుకుని, దాటాక మళ్ళీ అందుకున్నాను.

బయటికొస్తే నాలుగడుగుల్లో బ్రాడ్‌వే వీధి, బారుకొక బ్యాండ్, లోపలికెళ్ళడానికి డబ్బు అడగరు, పాడేవాళ్ళకి బకెట్లో టిప్పు వేస్తే చాలు. క్యాబ్ రేటు తగ్గేదాకా ఒక గుమ్మం దగ్గర నిలబడి కంట్రీ పాటలు రెండు విని, బకెట్లో ఐదు డాలర్లు వేశాను. కవరు జాకెట్ లోపలి జేబులో ఉంది. గదికొచ్చి చూస్తే ఫోటో మూల కాస్త మడత పడింది, హోటల్ బైబిలు కింద పెట్టి పడుకున్నాను.