షిప్‌యార్డు కవర్లు కొనే మిత్రులకు హెచ్చరిక: 1948 నాటి 'జల ఉష' ముద్రలు

విశాఖపట్నం షిప్‌యార్డుకు, అక్కడ తయారైన ఓడలకు సంబంధించిన తపాలా కవర్లు సేకరించే మిత్రులు నాకు గత నెలలో జరిగిన నష్టాన్ని తెలుసుకుని, ఇలాంటి సరుకు ఎదురైతే డబ్బు చెల్లించే ముందే ఆగుతారన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాను. అమ్మినవారి పేరు ఇక్కడ చెప్పడం లేదు. పేరు మార్చుకోవడం వారికి నిమిషం పని, కవరులోని తప్పులు మాత్రం అంత తేలికగా మారవు.

1948 మార్చి 14న నెహ్రూ విశాఖపట్నం వచ్చి, అప్పటి సింధియా కంపెనీ యార్డులో తయారైన 'జల ఉష' ఓడకు జలప్రవేశం చేయించారు. ఆ రోజు తపాలా ముద్ర పడిన కవరు దొరకడమంటే మా వంటివారికి చిన్న విషయం కాదు. ఆ యార్డు 2010లో రక్షణ శాఖ పరిధిలోకి వచ్చింది కనుక, నౌకాదళ కవర్లు సేకరించే నా వంటివారికి దాని పాత ముద్రల మీద మక్కువ ఇంకా ఎక్కువ. అలాంటి కవరు ఒకటి ఆన్‌లైన్‌లో 6,500 రూపాయలకు కనిపించగానే, ఇంకెవరైనా తన్నుకుపోతారేమోనన్న తొందరలో, ఫొటో మసకగా ఉన్నా మరొకటి అడగకుండా డబ్బు పంపాను. ఆ తప్పు నాదే.

కవరు చేతికి వచ్చినప్పుడు చూడడానికి ముచ్చటగానే ఉంది. పాతబడిన పసుపు ఛాయ, ఆరో జార్జి బొమ్మ ఉన్న ఒకటిన్నర అణాల స్టాంపు, దాని మీదుగా గుండ్రని ముద్ర. ఆ ముద్ర అంచున ఉన్న అక్షరాలు చదివేసరికి గుండె జారిపోయింది. అక్కడ 'హిందుస్థాన్ షిప్‌యార్డు' అని ఉంది. సింధియా వారి యార్డు హిందుస్థాన్ షిప్‌యార్డుగా మారింది 1952లో. నాలుగేళ్ల తరువాత పుట్టబోయే పేరు 1948 నాటి ముద్రలోకి ఎలా వచ్చింది?

అప్పుడు పది రెట్లు పెంచి చూపే భూతద్దం తీశాను. చేత్తో ముద్ర కొట్టినప్పుడు సిరా ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా పడుతుంది. గట్టిగా కొట్టిన వైపు కాగితం కొద్దిగా నొక్కుకుపోయి, వెనుకనుంచి వేలితో తడిమితే తెలుస్తుంది. ఈ కవరు వెనుక భాగం అద్దంలా నున్నగా ఉంది, ముద్ర గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే నలుపు, ఇంకా దగ్గరగా చూస్తే అదంతా ఇంక్‌జెట్ ప్రింటరు చల్లిన సన్నని చుక్కలు. స్టాంపు మాత్రం అసలుదే. నోట్లు పరీక్షించే అతినీలలోహిత దీపం కింద కవరు లోపలివైపు నీలికాంతితో తళతళలాడింది. కాగితానికి అలాంటి మెరుపునిచ్చే రసాయనాల వాడకం 1950ల నుంచే పెరిగింది. బయటి పసుపు ఛాయ బహుశా టీ డికాషన్ పుణ్యం.

అమ్మినవారిని నిలదీస్తే డబ్బు మాట ఎత్తకుండా, దానికి బదులుగా ఇస్తామంటూ అదే తేదీ ఉన్న మరో కవరు ఫొటో పంపారు. దాని మీద గాంధీజీ స్టాంపు ఉంది! మహాత్ముడు కన్నుమూసి మార్చి 14 నాటికి ఆరు వారాలే అయింది. ఆయన బొమ్మతో మొదటి స్టాంపులు వచ్చింది 1948 ఆగస్టు 15న. ఆ మాట చెప్పిన తరువాత ఫోను ఎత్తడం మానేశారు.

షిప్‌యార్డు కవరు ఏది కొనదలచినా ముద్రను దగ్గరగా తీసిన ఫొటో, కవరు వెనుకవైపు ఫొటో, రెండూ అడిగి తెప్పించుకోండి. ముద్రలో పిన్‌కోడు కనిపిస్తే అది 1972 ఆగస్టు 15కు ముందుది కాదు. ఓడ బొమ్మ అచ్చువేసిన ప్రైవేటు కవరు మీద మామూలు తేదీ ముద్ర వేయించి, దాన్ని తపాలా శాఖవారి ప్రత్యేక కవరుగా చెప్పి అమ్మేవారూ ఉన్నారు. 2006, 2016 నౌకాదళ సమీక్షల (రాష్ట్రపతి యుద్ధనౌకలను పరిశీలించే వేడుకల) కవర్లు కొనేటప్పుడు అది శాఖ వెలువరించినదేనా అని ముందుగా ఫిలాటెలిక్ బ్యూరోలో, అంటే సేకరణదారుల కోసం తపాలా శాఖ నడిపే స్టాంపుల విభాగంలో, విచారించుకోండి.

నా డబ్బు తిరిగి రాలేదు. కవరు మీద పెన్సిలు గీత పెట్టినా సేకరణదారులు మహాపరాధంగా చూస్తారు కానీ, రేపు నా తదనంతరం మా పిల్లలు తెలియక దీన్ని మరొకరికి అమ్మకుండా, వెనుకవైపు చెరగని సిరాతో 'నకిలీ' అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను.