ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్: అవసరమైనప్పుడే తిరిగేది మేలా, ఎప్పుడూ మెల్లగా తిరిగేది మేలా?

ఏప్రిల్‌లో నా డెస్క్‌టాప్‌కి ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటుని కంప్యూటర్‌కి తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా, మార్చాను. అప్పటినుంచి చుట్టాలూ స్నేహితులూ కలిపి ఐదారుగురు ఒకే ప్రశ్న అడిగారు. మొన్న మా పిన్ని కొడుకు కూడా హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "అక్కా, జీరో ఫ్యాన్ మోడ్ ఉన్నది తీసుకోనా, మామూలుది తీసుకోనా?" అన్నాడు. జీరో ఫ్యాన్ అంటే పని తక్కువున్నప్పుడు ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ పూర్తిగా ఆగిపోవడం. వీళ్లెవరికీ వాట్ల గురించీ, కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే బ్రాంజ్, గోల్డ్ ముద్రల గురించీ కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. అందరూ ఆగిపోతున్నది ఆ ఫ్యాన్ దగ్గరే. రెండేళ్లు నేనూ దానితోనే అవస్థ పడ్డాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు నా గది సంగతి చెప్పాలి. నా అభిప్రాయం అక్కడే పుట్టింది. మాది విజయవాడ. ఇంటర్ పిల్లలకు లెక్కల పాఠాలు రికార్డ్ చేస్తాను, రాత్రి పదిన్నర దాటి వీధిలో బళ్ల రొద తగ్గాక. మా పైన డాబానే. ఎండాకాలంలో రాత్రి పదకొండుకి కూడా శ్లాబు నుంచి సెగ దిగుతూనే ఉంటుంది. మైకు ఆన్ చేయాలంటే ఏసీ, సీలింగ్ ఫ్యాన్ రెండూ ఆపాలి. ఆపిన కాసేపటికే గది వేడెక్కుతుంది. కంప్యూటర్ నిశ్శబ్దంగా ఉండాల్సింది సరిగ్గా అప్పుడే.

సీలింగ్ ఫ్యాన్ తిరుగుతున్న గదిలో కాస్త మంచి ఎస్‌ఎంపీఎస్ ఏదైనా దాని చప్పుడు వినపడదు. నన్ను అడిగేవాళ్లకి ఈ మాట మొదటే చెబుతాను. ఎప్పుడూ ఫ్యాన్ వేసుకునే పని చేసుకునేవాళ్లకి ఈ జీరో ఫ్యాన్ తర్జనభర్జన అక్కర్లేదు. కింద కరెంటు కోతలు, ఇన్వర్టర్ల గురించి రాసింది చూసుకుంటే చాలు.

నా పాత ఎస్‌ఎంపీఎస్ 650 వాట్ల గోల్డ్, జీరో ఫ్యాన్ ఉన్నదే. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. డిసెంబరులో కొన్నాను, మొదటి రెండు నెలలు అది ఉన్నట్టే తెలియలేదు. మార్చి రాగానే మొదలైంది. పాఠం మధ్యలో, సమీకలనం మూడో మెట్టులో ఉండగా "గుర్ర్" మని ఫ్యాన్ లేచేది. ఒకటిన్నర నిమిషం తిరిగి ఆగిపోయేది. ఇంకో నాలుగు నిమిషాలకి మళ్లీ లేచేది. ఆ చప్పుడు నిజానికి పెద్దదేం కాదు. కానీ లేని చప్పుడు ఉన్నట్టుండి వస్తే చెవి వెంటనే పట్టేస్తుంది. మైకు కూడా అంతే.

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. రికార్డింగ్‌లో ఒకే తీరుగా సాగే చిన్న హోరుని తీసేయడం తేలిక. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మాట లేని రెండు సెకన్ల ముక్క ఎంచుకుని, దాన్ని నమూనాగా చూపించి నాయిస్ రిడక్షన్ ఇస్తే పాఠమంతటా ఆ హోరు పోతుంది. వచ్చి పోయే చప్పుడుకి ఆ పద్ధతి పనికిరాదు. ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు తీసిన నమూనా ఫ్యాన్ తిరిగేటప్పుడు సరిపోదు. రెండోసారి తీస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది. ఒక్కో రాత్రి ఒకే పాఠం మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

అది పాడైపోయిందేమో అనుకున్నాను. కాదు. దాని పని అది సరిగ్గానే చేస్తోంది. జీరో ఫ్యాన్ ఉన్నవాటిలో లోపలి వేడిని బట్టి, లోడ్‌ని (కంప్యూటర్ లాగే కరెంటుని) బట్టి ఫ్యాన్ లేస్తుంది. లోడ్ 30, 40 శాతం దాటేదాకా ఫ్యాన్ తిరగదని పెట్టె మీద గీసే గీత మామూలుగా 25 డిగ్రీల చల్లటి గదిని దృష్టిలో పెట్టుకుని గీసింది. నా కంప్యూటర్‌లో రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. రికార్డింగ్ సమయంలో వంద వాట్లు కూడా లాగదు, 650లో ఆరో వంతు కూడా కాదు. లోడ్ లెక్కన ఫ్యాన్ లేవకూడదు. కానీ గదే 35 డిగ్రీలుంటే, పైగా ఆ తక్కువ పనిలో గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు కూడా ఆగి ఉంటే, కేబినెట్‌లో గాలి కదలదు. వేడి మెల్లగా పేరుకుని గీత దాటుతుంది, ఫ్యాన్ లేస్తుంది, కాస్త చల్లబడగానే ఆగుతుంది. మళ్లీ మొదటికే.

ఇంకో విషయం కూడా ఉంది. ఎస్‌ఎంపీఎస్‌లో ముందుగా వయసు మీదపడేది కెపాసిటర్లకి, అంటే కరెంటుని కాసేపు నిలవ ఉంచే భాగాలకి. మంచివాటిలో 105 డిగ్రీలకు తట్టుకునేవి వాడతారు. నడిచే వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు ఇంచుమించు రెట్టింపవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో పాత లెక్క. ఫ్యాన్ ఆగి ఉన్నంతసేపూ అవి ఉడుకుతూనే ఉంటాయి. చల్లటి గదిలో ఇది పట్టించుకోనక్కర్లేదు. మన మే నెలలో పట్టించుకోవాల్సిందే. జీరో ఫ్యాన్ వాడేవాళ్లు, కేబినెట్ వీలిస్తే, ఎస్‌ఎంపీఎస్‌ని ఫ్యాన్ పైకి చూసేలా బిగించండి. అప్పుడు కనీసం వేడి పైకి పోతుంది.

అయినా జీరో ఫ్యాన్‌ని తీసిపారేయలేను. దుమ్ము తక్కువ లాగుతుంది, ఫ్యాన్ బేరింగ్ తక్కువ అరుగుతుంది. రాత్రంతా ఏసీ వేసుకుని చదువుకునేవాళ్లకి, ఆఫీసు పని చేసుకునేవాళ్లకి ఫ్యాన్ అసలు లేవకపోవచ్చు. అంతకు మించిన నిశ్శబ్దం లేదు. ఒక్క హెచ్చరిక: ఫ్యాన్ చప్పుడు లేనప్పుడు, అప్పటిదాకా దాని వెనక దాగిన కాయిల్ (లోపలి తీగచుట్ట) కీచుధ్వని బయటపడవచ్చు. మామూలుగా అది పాడైన గుర్తు కాదు, కానీ కొందరి చెవికి అది అస్సలు పడదు.

ఎప్పుడూ తిరిగే రకంలో చూడాల్సింది ఫ్యాన్ ఎంత మెల్లగా తిరుగుతుంది, దేనిమీద తిరుగుతుంది అన్నవే. స్లీవ్ బేరింగ్ వద్దు. వేడికి అందులో నూనె ఎండిపోయి రెండు మూడేళ్లకే గరగర మొదలవుతుంది. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ ఉంటే మంచిది. డబుల్ బాల్ బేరింగ్ వేడికి బాగా ఓర్చుకుంటుంది కానీ నిశ్శబ్దమైన గదిలో చిన్న టికటిక వినిపిస్తుంది. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ కంటే 135, 140వి అదే గాలిని తక్కువ వేగంతో ఇస్తాయి.

చప్పుడు గురించి 80 ప్లస్ ముద్ర (బ్రాంజ్, గోల్డ్ ఇచ్చేది ఇదే) ఒక్క ముక్క కూడా చెప్పదు. అది కొలిచేది ఎంత కరెంటు వృథా అవుతోందనే. సైప్రస్‌లోని సైబెనెటిక్స్ సంస్థ చప్పుడుకి విడిగా లాంబ్డా అనే గ్రేడు ఇస్తుంది. సగటున 15 డెసిబెల్స్ లోపుంటే ఏ డబుల్ ప్లస్, 15 నుంచి 20 అయితే ఏ ప్లస్, 20 నుంచి 25 అయితే ఏ. 115 వోల్టులకీ 230 వోల్టులకీ వేర్వేరు ఫలితాలుంటాయి, మనం చూడాల్సింది 230వే. గ్రేడు ఒక్కటే చూసి వదిలేయకుండా, ఏ లోడ్ దగ్గర ఫ్యాన్ ఎంత వేగం అందుకుంటుందో చూపే పటం కూడా చూడండి. నేను వెతికింది గీత మెల్లగా ఎక్కే మోడల్ కోసం. ఒక్కసారిగా నిచ్చెన ఎక్కినట్టు ఉన్నది వద్దనుకున్నాను.

బ్రాంజా గోల్డా అంటే కరెంటు బిల్లు కోసమైతే పెద్ద తేడా లేదు. నా కంప్యూటర్ గట్టిగా పనిచేస్తే 250 వాట్లు. బ్రాంజ్‌లో సుమారు 40 వాట్లు, గోల్డ్‌లో 28 వాట్లు వేడిగా పోతాయి. రోజుకి ఎనిమిది గంటలు అలా నడిపినా ఏడాదికి 35 యూనిట్ల తేడా. గోల్డ్‌కి పెట్టే రెండు మూడు వేలు బిల్లులో తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. అయినా గోల్డే తీసుకోమంటాను, ఎందుకంటే ఆ 12 వాట్ల వేడిని బయటికి తోయాల్సింది ఫ్యానే. వాట్ల విషయంలో నాలాంటి కంప్యూటర్‌కి 550 సరిపోతుంది. 650, 750 తీసుకుంటే ఫ్యాన్ మెల్లటి వేగంలోనే ఉండిపోతుంది. వెయ్యి వాట్లది అనవసరం.

ఇక నమ్మకం. కరెంటు పోయిన క్షణానికీ ఇన్వర్టర్ అందుకునే క్షణానికీ మధ్య కొన్ని మిల్లీసెకన్ల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో కంప్యూటర్‌ని నిలబెట్టేది ఎస్‌ఎంపీఎస్‌లోని పెద్ద కెపాసిటరే. మంచిది పూర్తి లోడ్ మీద 16, 17 మిల్లీసెకన్లు నిలుపుతుంది. లోడ్ సగమైతే దాదాపు రెట్టింపు సేపు. ఇన్వర్టర్‌ని యూపీఎస్ మోడ్‌లో పెడితే సుమారు 10 మిల్లీసెకన్లలో మారుతుంది. మారడం ఆలస్యమయ్యే మామూలు మోడ్‌లో పెట్టి "కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోంది, ఎస్‌ఎంపీఎస్ పాడైంది" అనుకునేవాళ్లని చాలామందిని చూశాను. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటుని సమంగా లాగేలా చూసే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు గుయ్యిమనడం, ఆగిపోవడం కూడా జరుగుతుంది, మెయిన్స్ కరెంటులాంటి నున్నటి అలనిచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉండాలి. 600 వీఏ యూపీఎస్ అంటే మామూలుగా 360 వాట్లే అని కూడా గుర్తుంచుకోండి.

కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటే ఎస్‌ఎంపీఎస్‌ని మార్చేముందు ఇంట్లో ఎర్తింగ్ చూపించండి. ఎర్త్ లేని ప్లగ్గులో పెడితే మంచి ఎస్‌ఎంపీఎస్ కూడా అలాగే కొడుతుంది. అలాగే ఏ మంచి ఎస్‌ఎంపీఎస్ అయినా తట్టుకునేది 264 వోల్టుల దాకానే. స్తంభం దగ్గర న్యూట్రల్ పోయి మూడొందలు వచ్చినప్పుడు దాన్ని కాపాడాల్సింది స్టెబిలైజరో, హై వోల్టేజీకి కట్ అయ్యే పరికరమో.

అసలు ఫ్యాన్ లేనివి కూడా ఉన్నాయి. ధర చాలా ఎక్కువ, వేడి గదికి వద్దు. చిన్న కేబినెట్ల కోసం వచ్చే ఎస్‌ఎఫ్‌ఎక్స్‌వి చిన్న ఫ్యాన్‌తో వేగంగా తిరగాల్సినవి, చోటు తప్పనిసరి అయితేనే. కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే 450 వాట్ల డబ్బాని బయట పెట్టేయండి. దాన్ని నమ్మి మదర్‌బోర్డు పెట్టకండి.

నేను చివరికి కొన్నది సీసానిక్ ఫోకస్ జీఎక్స్ 750. దానికి పదేళ్ల వారంటీ. అంతకన్నా నాకు ముఖ్యం వెనక ఉన్న హైబ్రిడ్ బటన్. అది ఆఫ్‌లో ఉంటే ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతుంది, ఆన్ చేస్తే తక్కువ పనిలో ఆగుతుంది. మార్చి నుంచి అక్టోబరు దాకా ఆఫ్‌లో పెట్టుకుంటాను. కోర్సెయిర్ ఆర్‌ఎమ్‌ఎక్స్ కూడా పదేళ్ల వారంటీతో వచ్చే మంచి సరుకే, జీరో ఫ్యాన్ అందులోనూ ఉంది. జర్మనీ వాళ్ల బీ క్వయట్ ప్యూర్ పవర్ 12 ఎమ్‌లో ఫ్యాన్ ఆగడమే ఉండదు. దొరికితే దాన్నీ చూసేదాన్ని.

మా పిన్ని కొడుకుది వేరే సంగతి. వాడు రాత్రంతా ఏసీ గదిలో కోడింగ్ చేసుకుంటాడు, మైకుతో పనిలేదు. జీరో ఫ్యాన్ ఉన్నదే తీసుకోమన్నాను, కాకపోతే బటన్ ఉన్నది చూసి తీసుకోమన్నాను. వచ్చే ఏడాది వాళ్లు పై అంతస్తులోకి మారుతున్నారు.