నాన్న గడ్డం బ్రష్‌తో బెజవాడ, గుంటూరు: నాలుగు రోజులు

మాఘమాసంలో పెళ్లి, గుంటూరులో. రెండు రోజులు ముందే బయల్దేరి బెజవాడలో దిగుదాం, అమ్మవారి దర్శనం అయ్యాక గుంటూరు పోదాం అన్నారు నాన్న. అనంతపురంలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి విజయవాడ. ఆయన సంచిలో మందుల డబ్బా, దాని పక్కనే గడ్డం బ్రష్. పద్దెనిమిదేళ్లుగా అదే బ్రష్. పంది వెంట్రుకల కుచ్చు, చెక్క పిడి. ఫోమ్ డబ్బాలు, జెల్ ట్యూబులు ఎన్ని కొనిచ్చినా ఆయన వాటి జోలికి పోలేదు. బ్రష్‌తో రెండు నిమిషాలు తిప్పితేనే గడ్డం నానుతుంది, బ్లేడు జారుతుంది అంటారు. అది నిజమే. నేనూ పదేళ్ల కిందట ఆయన్ని చూసే బ్రష్‌కి మారాను.

బయల్దేరే రోజు సంచి సర్దింది నేను. సాయంత్రం ఆయన గడ్డం గీసుకున్నాక బ్రష్‌ని ఒకసారి విదిలించి, తడి తడిగానే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించాను. పొద్దున్న లాడ్జిలో మూత తీస్తే తడిసిన గోనెసంచి వాసన. కుచ్చు పైన ఆరినట్టే ఉంది కానీ అడుగున వేలు పెడితే చల్లగా తగిలింది. సహజమైన వెంట్రుకలు నీళ్లు పీల్చుకుంటాయి. వాటికి గాలి ఆడకపోతే బూజు మొదలయ్యేది అడుగునే, అంటే జిగురు దగ్గరే.

గాంధీనగర్‌లో, స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది ఆ లాడ్జి. రోజుకి 1,400. మంచాలు, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. అడిగిన అయిదు నిమిషాల్లో తాగే నీళ్లు తెచ్చిచ్చారు. చిక్కంతా బాత్రూమ్‌లోనే. కిటికీ లేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కానీ తిరగదు. రిసెప్షన్‌లో చెబితే ఎలక్ట్రీషియన్ వస్తాడన్నారు, మేం ఖాళీ చేసేదాకా ఎవరూ రాలేదు. కుళాయిలో బోరు నీళ్లు, గీజర్‌లో సలసల కాగే నీళ్లు. వాసన పోతుందని ఆ వేడినీళ్లు మగ్గులో పట్టి బ్రష్‌ని పది నిమిషాలు నానబెట్టాను. తీసి పిండుతుంటే కుచ్చు మొత్తం కదిలింది. ఇంకొంచెం తిప్పేసరికి పిడిలోంచి ఊడి చేతిలోకి వచ్చేసింది. కుచ్చు ఒక చేతిలో, పిడి ఒక చేతిలో పట్టుకుని నాన్న ముందు నిలబడ్డాను. ఆయన ఏమీ అనలేదు. కళ్లజోడు పెట్టుకుని పిడిలో గుంటలోకి చూసి, "లోపల నల్లబడింది చూడు, నీళ్లు ఎప్పటినుంచో దిగుతున్నాయి" అన్నారు.

ఆ రోజు ఆయన లాడ్జి వీధిలోని సెలూన్‌లో గడ్డం చేయించుకున్నారు. కొత్త బ్లేడు మన కళ్లముందే విప్పి, సగానికి విరిచి కత్తిలో పెట్టారు. బ్రష్ మాత్రం అందరికీ ఒకటే. అందుకే సెలూన్‌కి వెళ్లినా సొంత బ్రష్ తీసుకెళ్లండి, లేదా స్ప్రే ఫోమ్ వాడమని అడగండి. మొహమాటపడొద్దు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో సరిగ్గా శుద్ధి చేయని వెంట్రుకలతో చేసిన బ్రష్‌ల వల్ల అమెరికాలో, బ్రిటన్‌లో సైనికులకి ఆంత్రాక్స్ సోకింది. ఇప్పుడు వెంట్రుకని శుద్ధి చేశాకే బ్రష్ కడతారు. అయినా కొత్త బ్రష్‌ని షాంపూతో రెండుసార్లు కడగకుండా మొహానికి తగిలించను. పంది వెంట్రుకల బ్రష్‌కి మొదట్లో ఉండే పశువుల వాసన కూడా దానితోనే తగ్గుతుంది.

మధ్యాహ్నానికి ఇంద్రకీలాద్రి మీద దర్శనం అయింది. మామూలు రోజు కావడంతో క్యూ త్వరగా కదిలింది. సాయంత్రం బ్రష్ వేట. బీసెంట్ రోడ్డులో ఫ్యాన్సీ షాపులు చాలానే ఉన్నాయి, బ్రష్‌లూ ఉన్నాయి, కానీ అన్నీ అట్టకి అతికించి ప్లాస్టిక్ మూత వేసినవి. విప్పి చూపించమంటే కుదరదన్నారు. బ్రష్‌ని వేళ్లతో పట్టుకోకుండా కొనడమంటే టెంకాయ ఊపి చూడకుండా కొన్నట్టే. అక్కడ కొనలేదు.

వన్‌టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్ దాటాక లోపలి సందులో సెలూన్ సామాన్లు అమ్మే చిన్న షాపు కనిపించింది. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ షాపే. యజమానికి అరవై దాటి ఉంటాయి. ఊడిన కుచ్చు చూపించగానే పక్క కస్టమర్‌ని ఆగమని చెప్పి, బల్బు కిందకి తీసుకెళ్లి చూశారు.

"కుచ్చుకేం కాలేదు సార్. జిగురు పోయింది, అంతే. వెంట్రుక ఇంకా పదేళ్లు వస్తుంది. కొత్తది కొనకండి, దీన్నే అతికించుకోండి."

అమ్ముకునే మనిషి కొనొద్దని చెప్పడం నాన్నకి బాగా నచ్చింది. అక్కడే స్టూల్ వేసుకుని కూర్చున్నారు. ప్రయాణాల కోసం నేనొకటి తీసుకుంటానని చెబితే షాపు యజమాని అయిదారు బ్రష్‌లు బల్ల మీద పరిచారు. తర్వాత ఆయన చూపించిన పద్ధతి రాస్తున్నాను.

ముందు కుచ్చుని బొటనవేలు, చూపుడువేలు మధ్య అడుగున, పిడి అంచు దగ్గర పట్టుకుని నొక్కారు. మంచి బ్రష్ అక్కడ గట్టిగా, నిండుగా ఉంటుంది. నాసిరకంలో రెండు వేళ్లూ దాదాపు కలిసిపోతాయి. పైన గుబురుగా కనిపిస్తుంది, అడుగున వెంట్రుకే ఉండదు. తర్వాత కుచ్చుని పక్కకి వంచి, పిడికీ కుచ్చుకీ మధ్య గోరు ఆనించి చుట్టూ తిప్పారు. ఒక బ్రష్‌లో గోరు సన్నని సందులోకి దిగింది. "నీళ్లు దిగే దారి ఇదే సార్, మీ నాన్నగారిది పోయింది కూడా ఇక్కడే" అన్నారు. కుచ్చు మధ్యలోకి వేలు పెట్టి తడిమితే ఇంకోదాంట్లో లోపల గట్టిగా బిళ్లలా తగిలింది. జిగురు ఎక్కువ పోసి, అది వెంట్రుకల్లోకి పైకి ఎక్కిందన్నమాట. అలాంటి బ్రష్‌లో వెంట్రుక వంగాల్సిన చోట వంగదు, విరుగుతుంది. ఆఖరుకి కుచ్చుని మెల్లగా లాగారు. ఒకటి రెండు వెంట్రుకలు రావడం మామూలే, మొదటి వారం పది రోజులు రాలతాయి. ఆ తర్వాత కూడా రోజూ రాలుతుంటే కట్టు వదులని అర్థం.

ఊడిన వెంట్రుకని కూడా ఆయన వదల్లేదు. అగ్గిపుల్ల గీసి అంటించారు. చుర్రుమని కాలి, జుట్టు కాలిన వాసన వచ్చింది, వేళ్ల మధ్య నలిపితే బూడిదైంది. ఇంకో బ్రష్‌ది అంటిస్తే కరిగి కొసన చిన్న పూసలా ముద్దకట్టింది. అది నైలాన్. అట్ట మీద మాత్రం నేచురల్ అని ఉంది. నైలాన్ అయితే తప్పేం లేదు, నేచురల్ అని అమ్మడమే తప్పు. కొసలు చూడమని కూడా చెప్పారు. పంది వెంట్రుక కొస దానంతటది రెండు మూడు పాయలుగా చీలుతుంది, వాడేకొద్దీ మెత్తబడుతుంది. గుండ్రటి ఆకారం కోసం కత్తెరతో కొసలు కోసేసిన బ్రష్ ఎన్నేళ్లు వాడినా బుగ్గకి గుచ్చుకుంటూనే ఉంటుంది.

మెరుపు పూత పూసిన ప్లాస్టిక్ పిడులు వద్దన్నారు నాన్న. ఆ పూత లేచాక చెయ్యి కోసుకుంటుంది. నేను 180 పెట్టి సింథటిక్ కుచ్చు, రెసిన్ పిడి ఉన్నది తీసుకున్నాను. సింథటిక్ వెంట్రుక నీళ్లు పీల్చదు, నానబెట్టే పని లేదు, విదిలించి పెడితే తొందరగా ఆరిపోతుంది. ప్రయాణానికి అదే సుఖం. పంది వెంట్రుక ఇష్టంలేని వాళ్లకీ అదే దారి. ఇంట్లో రోజూ వాడుకోవడానికి మాత్రం నా ఓటు పంది వెంట్రుకల బ్రష్‌కే. సబ్బు బిళ్ల మీద దానికున్న పట్టు సింథటిక్‌కి లేదు.

రెండో రోజు పొద్దున బాబాయ్ హోటల్‌లో వెన్న వేసిన ఇడ్లీ తిని లాడ్జి మారాం. గవర్నర్‌పేటలో, రోజుకి 1,800. రూము మొదటిదానికంటే చిన్నది, టీవీ సరిగ్గా రాదు. కానీ బాల్కనీ ఉంది, బాత్రూమ్‌కి కిటికీ ఉంది. నాకు ఆ 400 తేడా పూర్తిగా సమంజసం అనిపించింది. కుచ్చుని పొడి గుడ్డ మీద పరిచి బాల్కనీలో నీడన పెట్టాం. ఎండలో పెట్టొద్దు, వెంట్రుక పెళుసెక్కుతుంది, చెక్క పిడైతే పగులుతుంది.

అది ఆరేలోపు కొండపల్లి వెళ్లొచ్చాం. ఆటో మాట్లాడుకుంటే ఊరు దాటాక రోడ్డు బాగుంది. బొమ్మలు చేసే ఇంట్లో ఒకాయన తెల్ల పొణికి చెక్కని చేతికిచ్చారు, బెండులా తేలిగ్గా ఉంది. ఏనుగు అంబారీలో ఒక్కో ముక్కా విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. బ్రష్ పిడి దీంతో చేయొచ్చా అని నాన్న అడిగారు. రోజూ నీళ్లలో మునిగే వస్తువుకి ఈ చెక్కా పనికిరాదు, ఈ మక్కూ పనికిరాదు అని ఆయన నిక్కచ్చిగా చెప్పారు. మనవరాలికి దశావతారాల సెట్టు కొన్నాం. బేరం ఆడలేదు, ఆడాలనిపించలేదు.

తిరిగొచ్చేసరికి కుచ్చు అడుగు దాకా ఆరింది. పిడి గుంటలో పాత జిగురు పెచ్చుల్ని స్క్రూడ్రైవర్ కొసతో గీకి తీశాం. అడుగున నల్లటి పొడి, సబ్బు తెట్టె, చెంచాడు వచ్చింది. హార్డ్‌వేర్ షాపులో కొన్న అరాల్డైట్ రెండు ట్యూబుల్లోంచి సమంగా తీసి, అగ్గిపుల్లతో కలిపి, గుంటలో కొంచెమే వేశాం. కుచ్చుని నిలువుగా దించి, తిన్నగా ఉందో లేదో నాన్న నాలుగు వైపులా తిప్పి చూశారు. పిడి అంచు చుట్టూ సందు లేకుండా సన్నగా జిగురు పూశారు. 24 గంటలు ముట్టుకోకూడదు. నీళ్ల గ్లాసులో కాగితాలు కుక్కి, మధ్యలో దాన్ని కదలకుండా నిలబెట్టాం.

మూడో రోజు పండిట్ నెహ్రూ బస్టాండ్ నుంచి గుంటూరు నాన్‌స్టాప్ ఎక్కాం. టికెట్ కౌంటర్ దగ్గరే, కూర్చోగానే బస్సు కదిలింది. గంట ప్రయాణం. అతికించిన బ్రష్ గ్లాసుతో సహా నా ఒళ్లో.

పెళ్లివారు లక్ష్మీపురంలో గెస్ట్‌హౌస్ ఇచ్చారు. నాలుగు రోజుల్లో అన్నిటికంటే మంచి బస అదే. బాత్రూమ్‌కి పెద్ద వెంటిలేటర్, అద్దం కింద అర, తువ్వాలుకి కొక్కెం. ఇబ్బంది ఒక్కటే, నీళ్లు. నా కొత్త బ్రష్‌తో ఎంత తిప్పినా నురగ నిలవలేదు, పాలు విరిగినట్టు తెట్టె కట్టింది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే సబ్బుతో కలిసి అలాగే అవుతుంది. అదే తెట్టె కుచ్చు అడుగున పేరుకుని బ్రష్‌ని బిరుసు చేస్తుంది. తాగే నీళ్ల క్యాన్‌లోంచి అర గ్లాసు పట్టి మళ్లీ మొదలుపెడితే అదే సబ్బు పెరుగులా చిక్కగా నురగ కట్టింది. ఇంట్లో బోరు నీళ్లు వాడేవాళ్లు నెలకోసారి మగ్గు గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు చెంచాల వెనిగర్ వేసి కుచ్చుని అయిదు నిమిషాలు ఉంచి కడిగితే ఆ తెట్టె వదులుతుంది.

సాయంత్రం బ్రాడీపేటలో ఒక సెలూన్‌కి వెళ్లాం, నాన్నకి క్రాఫు కోసం. అతికించిన బ్రష్ చూపిస్తే క్రాఫు చేసే ఆయన కుచ్చుని అరచేతికి ఆనించి చూసి, "అతుకు బాగా కుదిరింది మాస్టారూ. కానీ మీరు దీన్ని బుగ్గకేసి నొక్కి తిప్పుతున్నారు" అన్నారు. ఎలా తెలిసిందంటే కుచ్చు విప్పి చూపించారు. మధ్యలో వెంట్రుకలు విరిగి గుంట పడింది, చుట్టూ బాగానే ఉంది. గిన్నెలో నురగ చేసేటప్పుడు కొసలతోనే తిప్పాలట, మొహానికి గోడకి సున్నం వేసినట్టు అటూ ఇటూ పూయాలట. నానబెట్టడానికి గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు నిమిషాలు చాలు, వేలు పెట్టి ఉంచగలిగినంత వేడి, అంతకు మించొద్దు. ఆ మాట అన్నప్పుడు నాన్న నా వైపు చూశారు. క్రాఫుకి 150 తీసుకున్నారు, తువ్వాలు కొత్తది వేశారు, తొందరపడలేదు. గుంటూరు వెళ్తే మళ్లీ అక్కడికే వెళ్తాను.

ముహూర్తం నాలుగో రోజు ఉదయం తొమ్మిదింటికి. నాన్న అయిదింటికే లేచారు. క్యాన్ నీళ్లు కొద్దిగా వెచ్చచేసి ఇచ్చాను. కొసలు మాత్రమే తగిలేలా గిన్నెలో మెల్లగా తిప్పారు, మొహానికి అటూ ఇటూ పూశారు. అయ్యాక బ్రష్‌ని మంచి నీళ్లలో మూడుసార్లు కడిగి, అడుగు నుంచి కొసల దాకా వేళ్లతో మెల్లగా పిండి, విదిలించి, తువ్వాలు మీద నాలుగుసార్లు రాసి, కిటికీ అరలో నిలబెట్టారు. గిన్నె అడుగున వెతికాను, ఒక్క వెంట్రుక కూడా లేదు.

రాత్రి తిరుగు రైలుకి సంచి ఈసారి ఆయనే సర్దుకున్నారు. ప్లాస్టిక్ డబ్బా గెస్ట్‌హౌస్‌లోనే వదిలేశారు. బ్రష్‌ని పాత నూలు గుడ్డలో వదులుగా చుట్టి, అన్నిటికంటే పైన పెట్టి, "జిప్ సగమే వెయ్యి, దానికి గాలి ఆడాలి" అన్నారు.